నీటి మీద కర్పూరం వాసన

ఆ గదిలోకి వెళ్లాలంటే ముందు తలకు నూనె రాసుకున్నారా అని అడుగుతారు. పేరూ ఊరూ తరవాత. పరిశోధనశాల మూడో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ వైపు చిట్టచివరి గది. కిటికీకి రెండేసి అద్దాలు, తలుపు చుట్టూ రబ్బరు అంచు, మధ్యలో అదురు తగలకుండా ఇసుక పెట్టె మీద నిలబెట్టిన రాతిబల్ల. బల్ల మీద ఒక తొట్టి. తొట్టి అంటే పశువులు కుడితి తాగేది అనుకునేరు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, గోరంత లోతు, అంతే. పెనానికి అట్టు అంటుకోకుండా పూస్తారు చూశారా, ఆ సరుకుతోనే మొత్తం చేశారు. నీళ్లు పోస్తే అంచుల కన్నా కాస్త పైకి ఉబ్బి నిలబడతాయి గాని ఒలకవు. ఆ తొట్టిని చూసుకునేది కాబట్టి ఆవిడను తొట్టమ్మ అన్నారు. మొదట ఎగతాళికే అన్నారు, తరవాత అదే ఖాయమైపోయింది. ఇంటి దగ్గర పాలు పోసేవాడు కూడా అదే పేరుతో కేకేసేవాడంటే ఇక చూసుకోండి.

తొట్టమ్మ పని బూజు ప్రొటీన్‌ను వరసలో నిలబెట్టడం. నవ్వకండి. పాత చెక్క మీదో తడి గోడ మీదో పెరిగిన బూజు మీద నీళ్లు చల్లి చూడండి, తడవదు. చుక్క చుక్కగానే దొర్లిపోతుంది. ఎందుకంటే బూజు తనలోంచి ఒక ప్రొటీన్‌ను వదిలి ఒళ్లంతా కప్పుకుంటుంది. ఆ ప్రొటీన్ రేణువుకు ఒక పక్క నీళ్లంటే ప్రాణం, రెండో పక్క నీళ్లంటే గిట్టదు. నీళ్లలో మునిగి ఉండలేదు, నీళ్లను వదిలి పోనూ లేదు. పాపం ఏం చేస్తుంది? నీళ్ల పైకి వచ్చి, గిట్టని పక్కను గాలి వైపు తిప్పుకొని, ఇష్టమైన పక్కను నీళ్లలో ఉంచుకొని తేలుతుంది. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి. తొట్టికి రెండు కొసలా ఉన్న బద్దలను మెల్లగా దగ్గరకు జరిపితే అవన్నీ ఒకదాన్నొకటి ఆనుకొని, తేనెపట్టు గళ్లలా వరస తీరి, ఒక్క రేణువు మందాన పొరగా నిలబడతాయి. వాటిని తోసేవాళ్లు లేరు, కట్టేవాళ్లు లేరు. వాటంతట అవే.

అయితే నీళ్ల మీద ఇంకేదీ ఉండకూడదు. వేలికున్న జిడ్డు తగిలినా చాలు, ప్రొటీన్ కన్నా ముందే అది పైకెక్కి పరుచుకుంటుంది, పొర చిల్లులు పడుతుంది. అందుకని రోజూ ముందు ఉత్త నీళ్లకు పరీక్ష. నీళ్లలో కొస మునిగేలా ఒక చిన్న రేకు వేలాడుతుంటుంది. నీళ్ల మీద ఏది చేరినా రేకును పట్టి లాగే బిగువు తగ్గుతుంది, ఆ తేడా పక్కనున్న పెట్టెలో ముల్లు చూపిస్తుంది. నీళ్లు శుభ్రంగా ఉంటే బద్దలను ఎంత దగ్గరకు జరిపినా ముల్లు సున్నా దగ్గరే ఉండాలి. అప్పుడే సన్నని సూదితో ప్రొటీన్ చుక్కను నీళ్ల మీద పెట్టాలి. వేయకూడదు, పెట్టాలి. సీసాను ఊపనూ కూడదు. పనిలో చేరిన కొత్తలో తొట్టమ్మ దగ్గు మందు సీసాలా ఊపింది. ఉన్న ప్రొటీనంతా నురగ బుడగల చుట్టూ పొరలు కట్టేసుకుంది, తొట్టిలోకి ఏమీ మిగల్లేదు. ఆ రోజు ఏడ్చింది. మళ్లీ ఎప్పుడూ ఊపలేదు.

ఆవిడకు పని నేర్పింది పెద్ద మేడమ్. ఆ పరిశోధన మేడమ్‌దే. పదేళ్లు తన చేత్తోనే చుక్కలు పెట్టి, పొరలు తీసిన మనిషి. తరవాత కుడి చేతికి వణుకు జబ్బు వచ్చింది. మందులు వాడినా సూది పట్టుకుంటే కొస ఊగేది. గాజు సామాను కడిగే విభాగంలో తొట్టమ్మ పనితనం చూసి, పక్కన కూర్చోబెట్టుకొని, తనకు తెలిసిందంతా చెప్పి, "ఇక నా చెయ్యి మీరే" అన్నది. పెద్ద చదువు లేని మనిషికి అంత మాట! తొట్టమ్మ ఆ మాటను తాళంచెవిలా దాచుకుంది.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో ఉండేది ఇద్దరే, తొట్టమ్మా, వాళ్ల అత్తగారూ. మధ్యలో ఉండాల్సినవాడు, ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు, రోడ్డు ప్రమాదంలో పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఎవరి దారి వాళ్లు చూసుకోవచ్చు, ఎందుకో చూసుకోలేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలు అన్నారు గాని, అత్త తప్ప ఇంకెవరూ లేని కోడలి సంగతి ఏ సామెతా చెప్పలేదు.

అత్తగారు బస్టాండులో మైకు ముందు కూర్చొని బస్సుల రాకపోకలు చెప్పి రిటైరైన మనిషి. "ప్రయాణికులకు గమనిక" అని గొంతెత్తితే బెంచీల మీద కునుకు తీసేవాళ్లు కూడా లేచి సంచులు వెతుక్కునేవాళ్లట. మనిషి రిటైరైంది గాని గొంతు రిటైరు కాలేదు. పాలు పొంగితే "గమనిక". కుళాయి వస్తే "గమనిక". కోడలు ఆలస్యంగా ఇల్లు చేరితే వాకిట్లోనే నిలబడి, వీధి వీధంతా వినేలా, "గమనిక, మా కోడలు బండి గంట ఆలస్యముగా నడుచుచున్నది" అని చాటింపు. తొట్టమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈవిడ నోటి వల్ల ఊరు మంచిదైందో లేదో గాని మేలుకొని మాత్రం ఉండేది.

పొర సంగతి కోడలు మొదటిసారి చెప్పినప్పుడు ఆవిడ అన్న మాట పరిశోధనశాల అంతా పాకింది.

"తోసుకోకుండా, వాటంతట అవే వరసలో నిలబడతాయా? అబద్ధం చెబితే అతికినట్టుండాలే. మైకులో అంతకాలం అరిచాను, ఒక్క బస్సు దగ్గరైనా జనం అలా నిలబడ్డారా?"

కోడలు పట్టుదలగా మైక్రోస్కోపులో తీసిన పొర ఫొటో తెచ్చి చూపించింది. అత్తగారు కళ్లజోడు తుడుచుకొని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇది తేనెపట్టు, నాకు తెలీదనుకున్నావా అని ఫొటో వెనక్కి ఇచ్చేసింది. ఇచ్చేసింది గాని, పక్కింటావిడ వచ్చినప్పుడు మా కోడలు నీళ్లను ఇస్త్రీ చేస్తుంది, సామాన్యం కాదు అని చెప్పుకుంది. అది కోడలి ముందు అనలేదు లెండి. అలా అంటే అత్త ఎలా అవుతుంది?

తొట్టి పుణ్యమా అని ఆ ఇంట్లో తొట్టమ్మ తలకు నూనె లేదు, ముఖానికి క్రీము లేదు. పనికి వెళ్లే పూట పొయ్యి మీద వేపుడు లేదు. జుట్టు ఎండు పీచులా ఉండేది, అయినా నడుం దాకా ఉండేది. అత్తగారు మాత్రం మోకాళ్ల నొప్పులకు కర్పూరతైలం రాసుకునేది. ఆ వాసన తొట్టికి పడదని కోడలు ఒక్కసారి చెప్పింది. అప్పట్నుంచి అత్తగారు కోడలు మెట్లు దిగి, సందు మలుపు తిరిగిందాకా కిటికీలోంచి చూసి, అప్పుడు సీసా మూత తీసేది. సాయంత్రం కోడలు వచ్చే వేళకు వేన్నీళ్లతో కడుక్కొని, తలుపులు బార్లా తెరిచి కూర్చునేది. ఏళ్ల తరబడి అంతే. ఆ సంగతి తొట్టమ్మకు పక్కింటావిడ చెప్పేదాకా తెలియదు. తెలిశాక కూడా ఆ మాట ఎత్తలేదు. అత్తాకోడళ్ల మధ్య కొన్ని మాటలు ఎత్తితే పాడవుతాయి.

అలా నడిచినన్నాళ్లు నడిచింది. ఒక రోజు పొద్దున అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకోబోయింది, గ్లాసు జారిపోయింది. వంగి తీయబోయింది, మనిషి జారిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మాటంటే మాటంతా. ఒక్కటి మిగిలింది. ఆకలేస్తే "గమనిక". నొప్పేస్తే "గమనిక". వెలుగు కళ్లలో పడుతోంది, తెర వెయ్యమనడానికి "గమనిక". ఒక్క మాటలో అన్ని అర్థాలు పెట్టి, అర్థం కాకపోతే కళ్ల నీళ్లు పెట్టుకొని, మళ్లీ అదే మాట. ఒకప్పుడు ఆ మాట వింటే తొట్టమ్మకు ఒళ్లు మండేది. ఇప్పుడు వింటే చేతిలో పని వదిలేసి పరిగెత్తేది.

ఒంటేలు పోవడానికి సన్నని గొట్టం పెట్టారు. పడుకొనే ఉండే ఒళ్లు పుండ్లు పడకుండా, కాలు బిగుసుకుపోకుండా రోజూ నూనెతో మర్దనా చెయ్యమని నర్సు చూపించింది. ఏ నూనె అయినా ఫరవాలేదు అన్నది కూడా. కాని అత్తగారికి ఫరవా ఉంది. తొట్టమ్మ వాసన లేని నూనె తెచ్చి రాయబోతే ఆవిడ ముక్కు ఎగబీల్చి, ఉన్న ఒక్క చేత్తో గిన్నెను నెట్టేసింది. వేరే నూనె, అదీ అంతే. చివరికి అలమర మీద ఉన్న కర్పూరతైలం సీసా దించి మూత తీస్తే కళ్లు మూసుకుంది. మాట లేదు, నడక లేదు, రుచి లేదు, మిగిలింది ముక్కూ చర్మమూను. ఆవిడ అడిగేది ఆ ఒక్కటే. అది కాదని ఎలా అంటుంది?

తొట్టమ్మ మోకాళ్ల మీద కూర్చొని అరికాలి నుంచి మొదలుపెట్టేది. పిక్కలు, మోకాలు, తొడలు, వీపు. అంత కాలం ఒకే ఇంట్లో ఉండి ఆ ఇద్దరూ ఒకరినొకరు తాకిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటి రోజుల్లో తొట్టమ్మ చేతులకు సిగ్గుగా ఉండేది. తరవాత ఆ చేతులకే తెలిసిపోయింది, ఎక్కడ నొప్పో, ఎక్కడ హాయో. మర్దనా అయ్యాక అత్తగారు జావ తాగేది, మందు మింగేది, పడుకునేది. మర్దనా లేకపోతే ఏమీ లేదు, పళ్లు బిగించి పడుకోవడమే.

మర్దనా మొదలైన మర్నాడు తొట్టిలో ఉత్త నీళ్లు పోసి బద్దలు జరిపితే ముల్లు కదిలింది. కొంచెమే. కాని తొట్టమ్మకు వెంటనే తెలిసిపోయింది. కర్పూరం సంగతి తెలియనిదేముంది, పలుకు నీళ్లలో వేస్తే దానంతట అదే గిరగిరా తిరుగుతుంది. నీటి పై చర్మం మీద దానికి అంత బలం. నూనె అయితే కడుక్కోవచ్చు. వాసనను ఎక్కడ కడుగుతాం? తొడుగుల మీద తొడుగులు వేసుకుంది. సబ్బుతో, స్పిరిటుతో చేతులు రుద్దీ రుద్దీ చర్మం పగిలింది. ఆఫీసులోనే స్నానం చేసి, అక్కడే బట్టలు మార్చుకుంది. పొద్దున మర్దనాను సాయంత్రానికి మార్చింది. ముల్లు తగ్గేది గాని సున్నాకు దిగేది కాదు. పొర కట్టేది, మధ్యలో చిల్లులు. వరస కట్టేది, అక్కడక్కడ చెదిరేది.

వాసన జుట్టులో ఉంటుందని ఎవరో అన్నారు. ఒక ఆదివారం పొద్దున వెళ్లి జుట్టు కత్తిరించుకొని వచ్చేసింది, మెడ పైకి, మగపిల్లాడిలా. సాయంత్రం మర్దనా చేస్తుంటే అత్తగారి ఎడమ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. కోడలు వంగినప్పుడల్లా ముందుకు జారే జడను వెనక్కి వేయడం ఆ చేతికి కొత్తగా వచ్చిన పని. ఆవిడ చేయగలిగిన ఒకే ఒక్క ఉపకారం. చెయ్యి గాలిలో వెతికింది. భుజం తడిమింది, మెడ తడిమింది, తల మీద ఆగింది. "గమనిక," అన్నది మెల్లగా. "మళ్లీ పెరుగుతుంది అత్తయ్యా, ఏం కాదు," అని తొట్టమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంత చేసినా మర్నాడు ముల్లు సున్నాకు రాలేదు. అంటే జుట్టు కూడా దండగే.

పెద్ద మేడమ్‌కు చెప్పకుండా దాచాలని తొట్టమ్మ అనుకోలేదు. చెబితే తొట్టి పోతుందన్న భయంతో రేపు రేపు అనుకుంది, అంతే. చెప్పే అవసరం రాలేదు కూడా. మేడమ్ గదిలోకి వచ్చి, తలుపు దగ్గరే ఆగి, గాలి పీల్చింది.

"కర్పూరమా?"

"అవునండీ. మా అత్తగారికి రాస్తాను."

మేడమ్ స్టూలు మీద కూర్చుంది. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకొని కూర్చుంది. అప్పటికి ఆ పొర మీద చాలా ఆశ పెట్టుకొని ఉంది ఆవిడ. రోగుల ఒంట్లో పెట్టే సన్నని గొట్టాల మీద ఈ పొర పూస్తే క్రిములు అంటుకోవని, జ్వరాలు రావని చూపించాలి. అందుకు చిల్లు లేని పొర కావాలి, దాన్ని దూరాన ఉన్న ఒక పెద్ద యంత్రం కింద పెట్టి చూడాలి. ఆ యంత్రం మీద వంతు దొరకడానికే ఏళ్లు పట్టింది. వంతు దగ్గరకొచ్చేసింది.

"మానెయ్యమని ఎలా చెప్పను?" అన్నది చివరికి. "చెప్పకుండా ఎలా ఊరుకోను? నాకే చెయ్యి సరిగా ఉంటే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు చెప్పొచ్చు, కనీసం లోపల తిట్టుకోవచ్చు. ఇలా అడిగితే ఏం చేస్తాం? ముందు నుయ్యి, వెనక గొయ్యి. తొట్టమ్మ ఒప్పుకుంది. వంతు అయ్యేదాకా అత్తగారిని ముట్టుకోనని, ఆ ఇంట్లో పడుకోనని. ఒక ఆయాను పెట్టింది. మంచి మనిషే, ఓపిక ఉన్న మనిషే, మర్దనా తొట్టమ్మ కన్నా బాగా తెలిసిన మనిషి. సీసా ఆవిడ చేతికిచ్చి, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకొని పరిశోధనశాల అతిథి గదికి వెళ్లింది. వెళ్లేముందు గుమ్మం అవతల నిలబడే చెప్పింది, పని మీద వెళ్తున్నాను అత్తయ్యా, త్వరలో వచ్చేస్తాను అని. లోపలికి అడుగు పెట్టలేదు. అత్తగారు కోడలినీ ఆయానూ మార్చి మార్చి చూసింది. "గమనిక," అన్నది. ఈసారి దానికి అర్థం ఏమిటో తొట్టమ్మకు తెలుసు. తెలియనట్టు మెట్లు దిగింది.

గది గాలి శుభ్రపడింది. ముల్లు రోజు రోజుకూ దిగుతూ వచ్చి ఒక పొద్దున సున్నా దగ్గర నిలబడింది. మేడమ్ ముఖం వెలిగింది. ఇంకో రోజు చూసుకొని పొర వేద్దామనుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆయా ఫోను చేసింది.

"అమ్మా, ఏం పెట్టినా పళ్లు బిగపట్టేస్తోందమ్మా. నేను రాస్తే కళ్లు తెరిచే ఉంటుంది, పడుకోదు. నిన్నట్నుంచి చుక్క నీళ్లు కూడా పోలేదు. ఆ ఒక్క మాట కూడా అనడం లేదు."

తొట్టమ్మ వెంటనే లేవలేదు. తొట్టి వంక చూసింది, ముల్లు వంక చూసింది. వెళ్తే ఏమవుతుందో తెలుసు, వెళ్లకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వచ్చేస్తే సరి అనుకుంది. గుమ్మం దాకా ఆ మాట మీదే ఉంది. లోపల అత్తగారు గోడ వైపు తిరిగి ఉంది. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. కోడలి అడుగు విని కూడా తల తిప్పలేదు. మైకులో ఊరందరినీ పిలిచిన మనిషి, ఇప్పుడు ఉన్న ఒక్క మాటనూ మానేసి, అలిగి పడుకుంది. ఇంకేం గుమ్మం? చెప్పులు విడిచి, ఆయా చేతిలోంచి సీసా తీసుకొని, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అరికాలు పట్టుకుంది. చాలాసేపటికి అత్తగారి ఎడమ చెయ్యి వచ్చి ఆ కురచ జుట్టు మీద పడింది. తరవాత గ్లాసెడు జావ తాగింది.

పొర రాలేదు. యంత్రం వంతు వచ్చింది, పోయింది. వణికే చేత్తో మేడమ్ తానే చుక్క పెట్టి ప్రయత్నించింది, ఒకసారి కాదు, చీకటి పడేదాకా. చివరికి సూది పక్కన పెట్టి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడింది. తొట్టమ్మ గది బయట బెంచీ మీద కూర్చొని ఉంది, లోపలికి రాకూడదు కాబట్టి. తన పని అవతల ఇంకొకరు చేయలేక బాధపడుతుంటే తలుపు ఇవతల కూర్చొని చూడటం ఎంత నరకమో ఆవిడకు ఆ రోజు తెలిసింది. క్షమించమని అడిగితే మేడమ్ ఒకటే అన్నది, మీ స్థానంలో నేనుంటే నేనూ అంతే చేసేదాన్ని అని. మంచితనం కూడా ఒక్కోసారి చెంపదెబ్బలా తగులుతుంది.

ఆ తరవాత తొట్టమ్మను గాజు సామాను గదికి పంపారు, కొన్నాళ్లకే అన్నారు. ఆవిడ సీసాలు కడిగింది, సాయంత్రం ఇంటికెళ్లి మర్దనా చేసింది. అత్తగారు మళ్లీ "గమనిక" అనడం మొదలుపెట్టింది. ఒకటి పోతే పోయింది, ఒకటైనా దక్కింది అని తొట్టమ్మ అనుకుంది. ఆ అనుకోవడం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. గొట్టం దారిన క్రిములు లోపలికి పోయి జ్వరం వచ్చింది. గొట్టం మార్చారు, తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ మార్చారు. ఈసారి తగ్గలేదు. జ్వరం పట్టిన ఒంటికి మర్దనా చేయకూడదన్నారు. తొట్టమ్మ ఉత్త చేతులతో అరికాళ్లు పట్టుకొని కూర్చుంది. అంతకు మించి చేయడానికి ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం, వీధిలో బడి పిల్లలు ఇళ్లకు పోతున్న వేళ, ఆ కాళ్లు ఆవిడ చేతుల్లోనే చల్లబడ్డాయి.

ఆ పొర ఆ వారం వచ్చి ఉంటే, ఆ పూత గొట్టాల మీదికి ఎక్కి ఉంటే, అత్తగారు బతికేదా? ఈ ప్రశ్న మీకు తోచింది కదా, ఆవిడకు తోచదా? ఆ పొర ఆ వారం వచ్చినా అది ఆసుపత్రి దాకా రావడానికి ఏళ్లు పడుతుందని ఆవిడకు తెలుసు. మేడమ్ కూర్చోబెట్టి చెప్పింది కూడా, ఈ రెంటికీ ముడిపెట్టి ఏడవకండి అని. తొట్టమ్మ తలూపింది. తెలిసినంత మాత్రాన ముడి ఊడుతుందా? మర్దనా కోసం పొరను వదులుకుంది, పొర పూయని గొట్టం అత్తగారిని తీసుకుపోయింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే కదా అని పక్కింటావిడ దగ్గర ఒక్కసారి అన్నది. మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

పక్కలూ దుప్పట్లూ ఆయా ఉతికేసింది. కిటికీలు తెరిచి పెట్టారు. సీసాలో అడుగున కొంచెం తైలం ఉంటే మోకాళ్ల నొప్పులున్న ఎవరికో ఇచ్చేశారు. ఇచ్చేటప్పుడు తొట్టమ్మ అడ్డు చెప్పలేదు, ఆ సమయంలో ఆవిడకు ఏమీ తట్టలేదు. కొన్నాళ్లకు మేడమ్ ఫోను చేసి, ఎవరిదో వంతు ఖాళీ పడితే యంత్రం వాళ్లు మనకు ఇస్తామన్నారు, మీకు ఓపిక ఉంటేనే రండి అన్నది. ఇంట్లో కూర్చొని చేసేదేముంది? వెళ్లింది.

గది అలాగే ఉంది. తొట్టమ్మ తొట్టిని కడిగింది, నీళ్లు పోసింది. నీళ్లు అంచుల పైకి ఉబ్బి నిలబడ్డాయి. రేకు వేలాడదీసి, బద్దలు మెల్లగా దగ్గరకు జరిపింది. పక్కన మేడమ్ కళ్లజోడు సవరించుకొని పెట్టె మీదికి వంగి చూసింది. ముల్లు కదల్లేదు. సున్నా.

"శుభ్రంగా ఉంది," అన్నది మేడమ్. "చుక్క పెట్టండి."

తొట్టమ్మ సూది తీసుకోలేదు. బద్దలను మళ్లీ దూరం జరిపింది. మళ్లీ దగ్గరకు తెచ్చింది, ఈసారి ఇంకా మెల్లగా. సున్నా. తొడుగులు విప్పేసింది. ఉత్త అరచేతులు ముఖానికి దగ్గరగా పెట్టుకొని గట్టిగా పీల్చింది. తరవాత, ఆ గదిలో ఎవరూ ఎన్నడూ చేయని పని, ఆ చేతులు రెండూ నీళ్లకు పైన, తాకీ తాకనట్టు, చాపి పట్టుకుంది. అలాగే పట్టుకొని ముల్లు వంక చూసింది. ఎన్ని నెలలు రుద్దిన చేతులు! ఏ గోటి సందులోనో, ఏ గీతలోనో కాస్త వాసన మిగిలి ఉండదా?

మేడమ్ ఆ చేతుల వంక చూసింది, అర్థమైంది. వణికే చెయ్యి తెచ్చి, అప్పుడప్పుడే పెరుగుతున్న ఆ కురచ జుట్టు మీద పెట్టింది.

"ఇంకోసారి చూస్తానండీ," అన్నది తొట్టమ్మ.

"చూడండి," అన్నది మేడమ్. "తొందరేం లేదు."

తొట్టమ్మ బద్దలు మళ్లీ దూరం జరిపింది, మళ్లీ దగ్గరకు తెచ్చింది. ముల్లు సున్నా దగ్గరే ఉంది.